ముప్పైవేల నాలుగువందల పదిహేడు

బాక్స్‌హిల్ స్టేషన్ ఎదురుగా, వేయించిన బాతులు వేలాడే కొట్టు పైన
రెండో అంతస్తులో నా రాత్రి ఉద్యోగం.
మైకులు తుడవాలి, గ్లాసులు తియ్యాలి.
అన్నపూర్ణలోని పూర్ణం తీసేసి
తోపు మాత్రం ఉంచుకుంది యజమాని యూన్ లింగ్.
"అన్నా!" అని కేకేస్తే
ఆడదాన్ని, పలుకుతాను.

పాటల పేర్లు నేను చదవలేను.
ఆ అక్షరాలు నాకు పెంకుటిళ్ళలా కనిపిస్తాయి,
దేనికి తలుపు ఎటుందో తెలీదు.
అందుకే నంబర్లతో గుర్తు.
11260 పెడితే తైవాన్ పళ్ళ డాక్టరు
చెప్పులు విప్పి సోఫా ఎక్కుతాడు.
20983 తిమోర్ నుంచి వచ్చిన హక్కా ముసలమ్మలది.
ఐదుగురికీ ఒకటే మైకు.
చివరి చరణంలో ఎవరూ ఎవరి మొహమూ చూడరు.
ఇక్కడే పుట్టిన పిల్లలు
అరచేతిలో ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకొచ్చి పాడతారు,
చెమటకి సిరా కారిపోయినా పాడతారు.
మా చిన్నదీ అంతే,
'ళ' పలకదు, పాట వదలదు.

30417 జంట పాట.
నీలం అక్షరాలు అతనివి, గులాబీవి ఆమెవి.
ఫుంగ్ ప్రతి గురువారం ఒక్కడే వస్తాడు
ఆరో నంబరు గదికి.
టైల్స్ పరిచే పని, బూట్ల నిండా తెల్లటి గచ్చు.
రెండు గంటలకి డబ్బు కట్టి
ఆ ఒక్క పాటే, మళ్ళీ మళ్ళీ.
తన వంతు పాడతాడు.
గులాబీ వంతు రాగానే మైకు ఒళ్ళో పెట్టుకుని
అక్షరాల్లోకి రంగు పాకి పాకి
లైను మాయమయ్యేదాకా చూస్తాడు.
ఎవరావిడ అని అడగలేదు.
వేరుశెనగల గిన్నె మార్చడానికి వెళ్ళినదాన్ని.

లెక్కలు రాసుకుంటూ ఒకసారి చెప్పింది యూన్ లింగ్:
మా కాంటనీస్‌లో గొంతు ఎత్తు మారితే అర్థం మారిపోతుంది.
'తంగ్' పైస్థాయిలో అంటే దీపం.
కింద నుంచి లేపితే, వేచి ఉండడం.
మధ్యలో చదునుగా పెడితే పీట.
అందుకే మా దగ్గర పాట రాసేవాడు
ట్యూను ముందు చేతులు కట్టుకు నిలబడాలి.
రాగం తప్పితే మాట తప్పినట్టే.

మాట తప్పడం.
మా భాషలో దానికింకో అర్థం ఉందని
చెప్పబోయాను.
బిల్లు మిషన్‌లో కాగితం అయిపోయింది, మార్చాను.

జులైలో ఒక గురువారం. బయట చలి, సన్నజల్లు.
గిన్నె పెట్టి తిరగబోతుంటే
ఫుంగ్ రెండో మైకు నా వైపు చాచాడు.
ఎనిమిది నెలలుగా గోడకి ఇవతల విన్న పాట.
అర్థం తెలీదు, దారి తెలుసు.
తడిగుడ్డ భుజాన వేసుకుని
గులాబీ వంతు అందుకున్నాను.
నోటికొచ్చిన శబ్దాలే,
ఊపిరి ఎక్కడ తీయాలో మాత్రం తప్పలేదు.
ఒకచోట ఫక్కున నవ్వాడు.
నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు,
రెప్పకి గచ్చు అంటింది.
మిషను మాకు నూటికి నలభై ఒకటి వేసింది.

ఏం తప్పు పాడానని అడిగాను.
"నీకోసం వేచి ఉంటాను అని పాట.
నువ్వు, నీకోసం పీట అన్నావు."
మైకు తీగ చుడుతూ, నా వైపు చూడకుండా,
"తనది హార్బిన్. మా భాష పెళ్ళయ్యాక నేర్చుకుంది.
తనూ పీటే అనేది."

వచ్చీరాని ఇంగ్లీషులో ఎలా చెప్పను,
మా ఇళ్ళల్లో పీట వాల్చేది
మనిషి వస్తాడనుకున్నప్పుడేనని.
గ్లాసులు ట్రేలో సర్దుకుని వచ్చేశాను.

నాలుగింటికి గదుల్లో దీపాలార్పి
స్టూళ్ళు బల్లలమీద బోర్లించి దిగాను.
ట్రాముకిదే ఆఖరి స్టాపు, మొదటి బండికింకా టైముంది.
తంగ్, అన్నాను పైకి.
తంగ్, లేపుతూ.
తంగ్, చదునుగా.
రొట్టెల వ్యాను దించుతున్న కుర్రాడు
ఓసారి తలెత్తి చూసి
మళ్ళీ పనిలో పడ్డాడు.